హీటరుకు శాలువా

ఒక్క చుట్ట కాలేలోగా పికప్ బండి హీటరును ఊడదీసిన మనిషి ఈ జిల్లాలో ఎవడైనా ఉన్నాడా అంటే నేనే. రెండోవాడు లేడు. సొంత డబ్బా కొట్టుకోవడానికి చెప్పే మాట కాదిది. సంచార పశు సేవా మండలి వారు గుండ్రటి ముద్ర వేసి ఇచ్చిన కాగితం మా ఇంట్లో ఫ్రేము కట్టించి మేకుకు తగిలించి ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. వచ్చేటప్పుడు నాలుగు చుట్టలు తెస్తే దగ్గరుండి చూపిస్తాను.

ముందు మా రాళ్లగుంట్ల ఎండ సంగతి చెప్పాలి. మే నెలలో మా ఊళ్లో బల్లులు గోడ మీద నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనించవు. రెండు ఆనించి రెండు చల్లార్చుకుంటాయి. తారురోడ్డులో చెప్పు దిగబడినవాళ్లు దాన్ని అక్కడే వదిలేసి, వానలు పడి రోడ్డు గట్టిపడ్డాక వచ్చి తీసుకుంటారు. అలాంటి ఊరికి, పశువులకు టీకాలు వేసే మండలి వారు హీటరున్న బండిని పంపించారు.

ఎందుకు పంపారంటే, హెడ్డాఫీసులో బండ్లు ఎంపిక చేసే పెద్దమనిషి ఒక జనవరిలో మంచు కొండలు చూడబోయి చలికి దవడలు బిగుసుకుపోయి వచ్చాడట. రాగానే "అన్ని జిల్లాల వాహనములకూ సమాన సౌకర్యములు" అని ఒక కాగితం రాశాడు. సమానం అన్నాక కాదనేవాడెవడు? జిల్లాకు ఒకటి చొప్పున పన్నెండు బండ్లు హీటర్లతో దిగాయి. చల్లగాలి మిషను మాత్రం లేదు. అది విలాసం కిందికి వస్తుందని కొట్టేశారు.

మా బండికి డ్రైవరు నాయబ్ రసూల్. మెత్తని మనిషి, హారను కొట్టడానికి కూడా మొహమాటపడతాడు. మే నెల మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే బండిని మా షెడ్డు ముందు ఆపి దిగాడు. చొక్కా విప్పి పిండితే నీళ్లు కారాయి.

"మామా, బండి లోపల వాన పడతాండాది."

"బయట పడమను నాయబూ, రైతులు నీకు దండం పెడతారు," అన్నాను.

అవతలి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ దిగింది. ప్రసూన అని చిన్న వయసు డాక్టరు. చెప్పులు చేతిలో ఉన్నాయి, టీకా మందు ఐసుపెట్టె చంకలో ఉంది. "మేస్త్రీ గారూ, కాళ్లు కాలిపోతున్నాయి. సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నా. ఈ పెట్టెలో ఐసు నాలుగు మైళ్లు నిలబడటం లేదు," అంది.

నేను తల లోపలికి పెట్టి చూశాను. హీటరంటే బ్రహ్మవిద్యేమీ కాదు. డ్యాష్‌బోర్డు వెనకాల ఎక్కాల పుస్తకమంత చిన్న రేడియేటరు ఉంటుంది. ఇంజన్లో కాగిన నీళ్లు ఒక గొట్టంలోంచి అందులోకి వచ్చి, రెండో గొట్టంలోంచి మళ్లీ ఇంజన్లోకి పోతాయి. దాని మీదుగా గాలి తోలితే ఆ వేడి మన మొహాన కొడుతుంది. మా బండికి జబ్బులు రెండు. వేడినీళ్లను ఆపే వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగిసిపోయింది, మీట ఎటు తిప్పినా వేడే. ఆ చిన్న రేడియేటరుకు చిల్లి కూడా పడింది. కాగిన నీళ్లు డాక్టరమ్మ పాదాల మీద కారుతున్నాయి, ఆవిరి అద్దానికి పట్టి నాయబుకు రోడ్డు కనపడటం లేదు.

"ఆ రెండు గొట్టాలూ పీకి ఒకదానికొకటి కలిపేస్తే సరి. నీళ్లు హీటరు మొహం చూడకుండా ఇంజన్లోకే పోతాయి. పది నిమిషాలు," అని పానా తీసుకున్నాను.

నాయబు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు మామా. ప్రతి బోల్టు మీదా ఎర్ర రంగు చుక్క పెట్టినారు. రంగు చెదిరితే ఉద్యోగం పోతాది. నా ముందున్నాయన లైటు బల్బు మార్చినందుకే పోయినాడు. మార్చినాక లైటు వెలిగింది గూడా. అయినా పోయినాడు."

అప్పటికే సుంకమ్మ వచ్చి షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. గుట్టకింద కొట్టాల మనిషి. మొగుడు పోయాక అరవై మూడు జీవాలను ఒక్కతే మేపుకుంటోంది. జీవాలంటే మా దిక్కున గొర్రెలు. పోయినేడు తొలకరి గడ్డి మేసి ఆమెవి పాతిక దాకా చిటుకు రోగంతో పోయాయి. పొద్దున మేసినది మధ్యాహ్నానికి తల వెనక్కి విరుచుకుని పడిపోవడమే. దానికి టీకా ఉంది. కానీ వేసిన రెండు వారాలకు గానీ ఒంటికి పట్టదు. వాన పడి కొత్త గడ్డి మొలవకముందే వేసి ఉండాలి.

"డాక్టరమ్మా, మా కొట్టాలకు ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

"బండి బాగైన మర్నాడే సుంకమ్మా. ఇట్లా ఉడికిన మందు పొడిస్తే నీళ్లు పొడిచినట్టే."

"బస్సులో రాకూడదా?"

డాక్టరమ్మ నవ్వింది. అంతకుముందు వారం పెట్టె పట్టుకుని బస్సెక్కినందుకు ఆమెకు మెమో వచ్చింది. ప్రభుత్వ టీకా ప్రజా రవాణాలో ప్రయాణించుటకు గల కారణములు మూడు రోజులలో తెలుపవలెనట. టీకా పెట్టె మండలి వాహనంలోనే, అధికారి పక్కసీటులోనే, బెల్టు కట్టుకుని ప్రయాణించాలి. వెనక తొట్టిలో పెడితే అది సామాను కిందికి వస్తుంది. టీకా సామాను కాదు.

అందరం కలిసి మండలి ఆఫీసుకు పోయాం.

సూపరింటెండెంటు సౌభాగ్యరావు గారు నిబంధనల పుస్తకం తెరిచి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి చదువుతారు. కంఠతా వచ్చునని మనకు తెలియాలి గదా.

"వాహన భాగమును ఊడదీయవలెనన్న, సదరు భాగము తన విధి నిర్వహణలో విఫలమైనట్లు ధ్రువీకరింపబడవలెను. హీటరు విధి యేమి?"

"వేడి ఇయ్యడం సార్," అన్నాడు నాయబు.

"ఇచ్చుచున్నదా?"

"ఇయ్యడమా సార్! నిన్న దాని ముందర పచ్చి శెనక్కాయలు పెడితే వేగినాయి."

"అట్లయిన విఫలమైనది ఎక్కడ?"

నేను అందుకున్నాను. "ఆపితే ఆగడంలేదు సార్. అదీ జబ్బు."

"ఆగుట హీటరు విధులలో లేదు."

"నీళ్లు కారతాండాయి సార్," అన్నాడు నాయబు, డాక్టరమ్మ తడి చెప్పులు చూపించి.

"నీరు శీతలీకరణ విభాగము. వారు ఇంజను ముందు భాగమును మాత్రమే చూచెదరు. క్యాబిను లోపల కారు నీరు వారి పరిధి కాదు."

"మరి ఎవరి పరిధి సార్?"

సౌభాగ్యరావు గారు పుస్తకం మూసేశారు. "ఇంతవరకు దానిని ఎవరూ కోరలేదు," అన్నారు.

సుంకమ్మ ఒక అడుగు ముందుకేసింది. "సార్, నా జీవాలకు సూది ఎప్పుడు?"

"హీటరు విషయము తేలిన పిదప. కమిటీ వచ్చి పరీక్షించును. మీరు దిగులు పడవలదు. నిబంధనలన్నీ మీ గొర్రెల క్షేమము కోరియే వ్రాయబడినవి."

కమిటీ రావడానికి పది రోజులు పట్టింది. ముగ్గురు. పెద్ద ఆయన డిప్యూటీ డైరెక్టరు ఏకనాథం గారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యమూ రిబ్బను కత్తిరించినట్టు ఉంటుంది. రెండో ఆయన మన సౌభాగ్యరావు గారే. మూడో ఆయన సాంకేతిక సభ్యుడు, తేనెటీగల పెంపకంలో పట్టా పుచ్చుకున్నవాడు.

అక్కడే నాయబు ఒక తప్పు చేశాడు. తప్పు నాది కూడా. మా మెకానిక్కుల్లో ఒక పద్ధతి ఉంది. రేడియేటరు కారుతుంటే చారెడు పసుపు నీళ్లలో వేస్తాం. అది పోయి చిల్లి దగ్గర పేరుకుని తాత్కాలికంగా మూస్తుంది. పెద్దవాళ్ల కాళ్లు కాలకూడదని, "పరీక్షకు ముందు కాస్త పసుపు వెయ్యి నాయబూ," అన్నాను. నాయబు, అధికారులు గదా, చారెడు వేస్తే మర్యాద కాదనుకుని అరకిలో పొట్లం కుమ్మరించాడు.

పరీక్ష నియమాలు సౌభాగ్యరావు గారు చదివి వినిపించారు. అద్దములు మూసి ఉండవలెను. ఇంజను నడుచుచుండవలెను. సభ్యులు ముగ్గురును నలుబది ఐదు నిమిషములు లోపల ఆసీనులై ఉండవలెను. ఉష్ణమానిని ఉపయోగింపవలెను.

ఉష్ణమాని అంటే మండలిలో ఉన్నది ఒక్కటే, పశువుల జ్వరం చూసేది. సాంకేతిక సభ్యుడు రాసుకోవడానికి రెండు చేతులూ కావాలని దాన్ని పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు. అది మామూలుగా పశువుకు ఏ వైపు నుంచి పెడతారో చెబుదామని డాక్టరమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. మంచి పిల్ల.

తలుపులు మూసుకున్నారు. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. మేం ముగ్గురం, సుంకమ్మ నాలుగు, షెడ్డు నీడలో నిలబడి చూస్తున్నాం. అయిదు నిమిషాలకు అద్దాలు మసకబారాయి. పది నిమిషాలకు పచ్చబడ్డాయి.

"ఏందన్నా, లోపల పసుపు దంచుతాండారా?" అంది సుంకమ్మ.

ఇరవై నిమిషాలకు ఒక చెయ్యి అద్దాన్ని లోపలినుంచి తట్టింది. నాయబు తలుపు తీయబోయాడు. "నిబంధన! నిబంధన!" అని లోపలినుంచి సౌభాగ్యరావు గారి గొంతు వినిపించింది. ఆ మనిషి గురించి మీరు ఏమైనా అనుకోండి, పిరికివాడని మాత్రం అనకండి.

నలభై అయిదో నిమిషాన తలుపు తెరుచుకుంది. ముందు ఆవిరి దిగింది, తర్వాత కమిటీ దిగింది. ముగ్గురూ నెత్తి నుంచి చొక్కా గుండీల దాకా నలుగు పెట్టిన పెళ్లికొడుకుల్లా ఉన్నారు. ఏకనాథం గారు మా షెడ్డు తొట్టిలో తల ముంచి, రెండు నిమిషాలు అలాగే ఉండి, లేచి, "అద్భుతము," అన్నారు.

ఆయన ఇంటికి వెళితే భార్య, "ఎవరి పెళ్లి?" అని అడిగిందట. "హీటరు పరీక్ష" అని చెబితే నమ్మలేదట. దాని మీద వాళ్లింట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదని వాచ్‌మన్ చెప్పాడు.

రిపోర్టు మూడో రోజున వచ్చింది. డాక్టరమ్మ చదివి వినిపించింది. "ఉష్ణమాని చూపగలిగినంత గరిష్ఠ ఉష్ణోగ్రతను ఈ హీటరు సాధించినది. ఇంతకన్న ఎక్కువ సాధించి ఉండవచ్చును గాని ఉష్ణమానికి ఆ శక్తి లేదు. పరీక్ష ప్రారంభమున నీరు కారుట గమనింపబడినది. ముప్పదవ నిమిషమున నీరు కారుట దానంతట అదియే నిలిచిపోయినది. కనుక ఈ హీటరు తన లోపమును తానే సరిదిద్దుకొను స్వభావము గలదిగా కమిటీ భావించుచున్నది."

మర్నాడు పసుపు పెచ్చు ఊడి మళ్లీ కారడం మొదలైంది. ఆ సంగతి రాసి పంపితే, కమిటీ కాలపరిమితి ముగిసినదని జవాబు వచ్చింది.

ఇంతవరకు ఫరవాలేదు. ఒక బండి, ఒక హీటరు, ఒక మూర్ఖత్వం. ఏకనాథం గారు అక్కడితో ఆగే మనిషైతే నా కథ కూడా అక్కడే ఆగేది. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మండలి స్థాపించిన ఇన్నేళ్లలో కమిటీ పరీక్షలో నెగ్గిన వస్తువు ఇదొక్కటే. మిగతా పదకొండు జిల్లాల హీటర్లు ఏం చేస్తున్నట్టు? విచారిస్తే, ఆ డ్రైవర్లు ఒక్కరోజు కూడా హీటరు వేసి చూడలేదని తేలింది.

"ప్రభుత్వము ఇచ్చిన వేడిని ప్రజలకు అందకుండా చేసినారు!" అన్నారట హెడ్డాఫీసు మీటింగులో. అందరూ బల్లలు చరిచారు. వెంటనే "ఉష్ణ సంసిద్ధతా పక్షోత్సవములు" ప్రకటించారు. బ్యానర్లు కట్టారు. డ్రైవర్లు డ్యాష్‌బోర్డు మీద కుడిచెయ్యి ఉంచి ప్రతిజ్ఞ చేశారు. పదిహేను రోజులు, మే నెల రెండో సగంలో, పన్నెండు బండ్లూ అద్దాలు బిగించుకుని హీటర్లు వేసుకుని పశువుల వైద్యానికి తిరిగాయి. డ్రైవర్లు బనీన్లతో నడిపారు. రోజూ సాయంత్రం ఏ బండి ఎంత వేడి ఇచ్చిందో పట్టిక వేశారు. వెనకబడిన జిల్లాలకు సంజాయిషీ నోటీసులు పోయాయి. మా బండి పదిహేను రోజులూ మొదటి స్థానంలోనే ఉంది. రహస్యం ఏమిటని మిగతా డ్రైవర్లు ఫోను చేస్తే, పాపం నాయబు అబద్ధం ఆడలేక, "పసుపు," అని చెప్పాడు. రాష్ట్రంలో ఎన్ని పొట్లాలు రేడియేటర్లలోకి పోయాయో దేవుడికే తెలియాలి.

ఆ పదిహేను రోజుల్లో డాక్టరమ్మ గుట్టకింద కొట్టాలకు మూడుసార్లు బయల్దేరింది. ఐసుపెట్టెకు తడి తువ్వాలు చుట్టింది. దుప్పటి కప్పింది. మూడుసార్లూ సగం దారిలో మూత తీసి చూస్తే ఐసు గోరువెచ్చటి నీళ్లయింది. మూడుసార్లూ సీసాలు పారబోసి వెనక్కి వచ్చింది. మూడోసారి మా షెడ్డులో బల్ల మీద కూర్చుని, చెప్పుల్లోంచి నీళ్లు ఒంపుతూ, "పొడిచేస్తే ఎవరికీ తెలియదు మేస్త్రీ గారూ. కాగితం మీద అరవై మూడు అని రాసుకుంటారు. సుంకమ్మ కూడా దండం పెడుతుంది," అంది. తర్వాత, "అందుకే పొడవలేదు," అంది.

జూను వచ్చింది. పడమటి కొండ మీద మబ్బు పట్టడం మొదలైంది. ఊళ్లో అందరూ మబ్బును చూసి సంతోషిస్తుంటే సుంకమ్మ ఒక్కతే తలెత్తి చూసి తిట్టేది. ఒక శుక్రవారం పొద్దున కొట్టాల నుంచి ఎనిమిది మైళ్లు నడిచి నేరుగా షెడ్డుకు వచ్చింది.

"అన్నా, ఆ పెద్దసారు దగ్గరికి నన్ను తోడుకపో."

"పోయి ఏం మాట్లాడతావు సుంకమ్మా? తిడతావా?"

"తిడితే వింటాడా? తిట్లకూ ఏదో ఫారం ఉంటాది. నువ్వు రా."

ఏకనాథం గారు ఆ రోజు మంచి హుషారుగా ఉన్నారు. పక్షోత్సవాల ఫోటోలు బల్ల మీద పరిచి ఉన్నాయి. మమ్మల్ని చూసి, "రండి, రండి. మన హీటరు తాలూకు మేస్త్రీ గదా!" అన్నారు.

సుంకమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "సార్, ఆ హీటరు నిజంగా అంత మంచిదా?"

"రాష్ట్రములోనే సర్వోత్తమము తల్లీ."

"మరి అంత మంచిదాన్ని ఆ చీకట్లో దాచిపెడితే ఎవురు చూస్తారు సార్? మా దాంట్లో పొట్టేలు బాగుంటే దొడ్లో కట్టేసుకోం. కొమ్ములకు రంగు పూసి, మెడకు దండేసి, సంత నడుమ నిలబెడ్తాం. మీలాంటి పెద్దోళ్లే వచ్చి దానికి శాలువా కప్పుతారు. ఫోటో దిగుతారు."

ఏకనాథం గారి కళ్లు సగం మూతపడ్డాయి. ఆ మూసిన కళ్ల వెనకాల ఏ ఫోటో దిగుతోందో నాకు కూడా కనపడింది.

ఆయన గంట కొట్టారు. సౌభాగ్యరావు గారు వచ్చారు.

"వ్రాసుకొనుము. సర్వోత్తమ హీటరును సభాముఖమున సత్కరించు నిమిత్తము, వాహనము నుండి తాత్కాలికముగా విముక్తము గావింపవలెను."

"సార్, నిబంధన..." అన్నారు సౌభాగ్యరావు గారు.

"ఏ నిబంధన?"

సౌభాగ్యరావు గారు కళ్లజోడు తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. జీవితంలో మొదటిసారి నిజంగా పుస్తకంలోకి చూశారు. చెడిపోయిన భాగం ఊడదీయడానికి పదిహేడు సంతకాలు కావాలి. బాగా పనిచేసే భాగం ఊడదీయడానికి నిబంధనే లేదు. అలాంటి పని ఎవడైనా చేస్తాడని ఆ పుస్తకం రాసినవాళ్లకు తోచలేదు.

"అభ్యంతరము లేదు సార్," అన్నారు.

బయటికి రాగానే, "నీకు ఈ తెలివి ఎక్కడిది సుంకమ్మా?" అన్నాను.

"గొర్రెల్ని తోలేది వెనకనుంచి గాదన్నా. అవి యా పక్కకు పోవాలనుకుంటాయో ఆ పక్కన నిలబడి రమ్మంటే వస్తాయి," అంది.

శనివారం పొద్దున పని మొదలుపెట్టాను. ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. చుట్ట ఒక్కటే, అది నిజం. వెలిగించింది శనివారం పొద్దున, చివరి దమ్ము లాగింది సోమవారం సాయంత్రం. ఆర్పుతూ, చెవిమీద పెట్టుకుంటూ, మళ్లీ వెలిగించుకుంటూ మూడు రోజులు కాల్చాను. అంతకుముందు నేను హీటరును ఊడదీయడం మాట అటుంచి, కళ్లతో చూసింది కూడా లేదు. ఈ జిల్లాలో రెండోవాడు ఎందుకు లేడంటే, ఈ జిల్లాలో రెండో హీటరు లేదు.

ఆ బండిని చేసినవాళ్లు ముందు హీటరును నేల మీద పెట్టి, దాని చుట్టూ బండి కట్టారని నా అనుమానం. నీళ్లు ఒంపేశాను. రెండు గొట్టాలు పీకాను. ముందు అరపెట్టె తీశాను. దాని వెనకాల రేకు. రేకు వెనకాల గాలి గొట్టం. గాలి గొట్టం తీయాలంటే డ్యాష్‌బోర్డు లేవాలి. డ్యాష్‌బోర్డు లేవాలంటే స్టీరింగు కిందికి దిగాలి. ప్రతి బోల్టుకూ సౌభాగ్యరావు గారు స్టూలు వేసుకుని కూర్చుని, ఎర్ర చుక్క చెదిరిన సమయం గంటలు నిమిషాలతో రాసుకున్నారు. విప్పిన బోల్టులన్నీ సుంకమ్మ తన కొంగులో పోసుకుని మూడు రోజులూ నా పక్కనే కూర్చుంది. నేను అడిగితే ఇస్తుంది. మబ్బు వైపు చూస్తుంది. మళ్లీ నా వైపు చూస్తుంది. ఆ చూపుకు తొందరపడి రెండు క్లిప్పులు విరగ్గొట్టాను.

"అన్నా, పది నిమిషాలంటివే."

"అది గొట్టాలు కలపడానికి. ఇది సన్మానానికి. సన్మానానికి టైము పడుతుంది."

సోమవారం సాయంత్రం డ్యాష్‌బోర్డు నాయబు ఒడిలో ఉండగా, నేను సీటు కింద తలకిందులుగా పడుకుని లాగితే హీటరు చేతికొచ్చింది. అట్టలు కట్టిన పచ్చటి చిలుము, దాని మీద పసుపు పెచ్చులు. మూలన అగ్గిపుల్ల దూరేంత చిల్లి. బండి మళ్లీ బిగించాక సుంకమ్మ కొంగులో పదకొండు బోల్టులు మిగిలాయి. వాటి స్థానాలు ఇప్పటికీ నాకు తెలియవు. ఆనాటినుంచి ఆ బండికి ఎడమ ఇండికేటరు వేస్తే వైపరు ఊగుతుంది. మనం మొదట అనుకున్నట్టే ఇంజను పక్కన రెండు గొట్టాలనూ వంపు పైపు ముక్కతో కలిపేశాను. పది నిమిషాలు పట్టింది. "రంగు చుక్క, మామా?" అని నాయబు అడిగాడు. డాక్టరమ్మ బ్యాగులోంచి గోళ్లరంగు తీసి తనే పెట్టింది. మునుపటి చుక్కల కంటే అందంగా వచ్చింది.

మర్నాడే కొట్టాలకు పోదామని డాక్టరమ్మ పెట్టెలో ఐసు నింపింది. కుదరలేదు. మంగళవారం సన్మానం. మాతృ వాహనము తప్పక హాజరు కావలెనట.

వేదిక మీద పెద్ద కుర్చీ. కుర్చీలో వెండి పళ్లెం. పళ్లెంలో హీటరు. ఏకనాథం గారు శాలువా కప్పి, బంతిపూల దండ వేశారు. కెమెరా వైపు తిరిగి హీటరు మీద చెయ్యి వేసి మాట్లాడారు. "ఈ హీటరు ఏనాడూ సెలవు అడుగలేదు. బదిలీ కోరలేదు. నడి వేసవిలో సైతం, అవసరమున్నదా లేదా అని ప్రశ్నింపక, తనకు అప్పగించిన పని చేయుచునే ఉన్నది. మండలి ఉద్యోగులందరూ దీనిని ఆదర్శముగా గైకొనవలెను."

అప్పుడే హీటరులో మిగిలిన పసుపునీళ్లు శాలువాలోంచి బొట్లు బొట్లుగా కారాయి. సౌభాగ్యరావు గారు మైకు అందుకుని, "ఆనందబాష్పములు," అన్నారు. చప్పట్లు ఆగలేదు. నాకు కూడా ఒక కాగితం ఇచ్చారు. "ఊడదీత యందు విశేష ప్రతిభ" అని ఉంది దాంట్లో. ఎంత సేపు పట్టిందో రాయలేదు. పెద్దవాళ్ల మర్యాద.

ఇప్పుడు ఆ హీటరు ఏకనాథం గారి గదిలో గాజుపెట్టెలో ఉంది. రికార్డుల ప్రకారం డిప్యుటేషను మీద కార్యాలయంలో పనిచేస్తోంది.

బుధవారం తెల్లవారగానే బండి కదిలింది. నేనూ వెనక తొట్టిలో ఎక్కాను. హీటరు లేని క్యాబినులో వేడి మా ఊరి మామూలు వేడి మాత్రమే ఉంది. నాయబు చలిగా ఉందని మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. కొట్టాలకు చేరి మూత తీస్తే ఐసు రాయిలా ఉంది. అది చూసి డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. సుంకమ్మ ఒక్కొక్క జీవాన్నీ కాళ్ల మధ్య ఇరికించి పట్టింది. డాక్టరమ్మ పొడిచింది. అరవై మూడు.

"రెండు వారాలు సుంకమ్మా. అప్పటిదాకా దొడ్డి దాటనీయకు. పచ్చిగడ్డి ఒక్క పరక కూడా తిననీయకు."

"మేపేదానికి దొడ్లో ఎండిన శెనక్కాయ కట్టె ఉండాది. వారం దినాలు వస్తాది. ఆ పైన దేవుడు."

వాన పదహారో రోజున వచ్చింది. అప్పటిదాకా మబ్బు కొండ మీద కూర్చుని, ఎవరో అనుమతి పత్రం ఇస్తే గానీ దిగనన్నట్టు, కదల్లేదు. కట్టె అయిపోయాక సుంకమ్మ ఊరంతా తిరిగి ఎండుగడ్డి అడుక్కొచ్చి మేపింది. పదహారో రోజు మధ్యాహ్నం వాన కొట్టింది. గడ్డి లేచింది. జీవాలు మేశాయి. అరవై మూడింటిలో ఒక్కటి కూడా పడలేదు.

ఇదంతా విన్నాక జనం నన్ను ఒకటే అడుగుతారు, ఇందులో నీ కల్పన ఏది మేస్త్రీ అని. శాలువా అంటారు కొందరు. ఆనందబాష్పాలు అంటారు కొందరు. కాదు, అవి జరిగాయి, సాక్షులున్నారు. ప్రతిజ్ఞ జరిగింది. పళ్ల మధ్య థర్మామీటరు జరిగింది.

నేను కల్పించింది వాన. అది పదహారో రోజున రాలేదు. సూదులేసిన నాలుగో రోజునే వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది, ఊళ్లో పిల్లా పెద్దా తడిశారు. వారం తిరిగేసరికి గుట్టంతా పచ్చబడింది, సుంకమ్మ దొడ్లో కట్టె అయిపోయింది. వాన పడ్డాక ఎండుగడ్డి ఎవరి దగ్గర ఉంటుంది? పందొమ్మిది జీవాలు పోయాయి.

మొదట్లో నేను ఉన్నదున్నట్టే చెప్పేవాణ్ణి. ఒకసారి టీ బంకు దగ్గర చెబుతూ ఉంటే సుంకమ్మ వెనకాల నిలబడి మొత్తం విన్నది, నాకు తెలియదు. నవ్వినవాళ్లంతా పందొమ్మిది దగ్గరికొచ్చేసరికి గ్లాసులు కింద పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆమె వచ్చి బల్ల చివర కూర్చుంది.

"అన్నా, ఇన్ని కోతలు కోసేవాడివి," అంది, "ఆ వానను పన్నెండు దినాలు ఆపలేవా?"

అప్పటినుంచి ఆపుతున్నాను.